ఒక్క రోజు ఊపిరికి బిల్లు ఎంత?

ఈరోజు ఎపిసోడ్ ఒక రేట్ల పట్టికతో మొదలుపెడదాం.

2019 జూన్‌లో నాసా ఒక ప్రైస్ లిస్ట్ రిలీజ్ చేసింది. ప్రైవేట్ వ్యక్తులు ఎవరైనా ఇంటర్నేషనల్ స్పేస్ స్టేషన్‌లో కొన్నాళ్లు ఉండాలనుకుంటే, అక్కడ దేనికి ఎంత కట్టాలో అందులో రాశారు. మన అందరికీ ముందు గుర్తొచ్చేది డేటా కదా? ఒక జీబీకి 50 డాలర్లు. అప్పటి రేటులో సుమారు మూడున్నర వేల రూపాయలు. ఒక యూనిట్ కరెంట్‌కి 42 డాలర్లు, అంటే దాదాపు 2,900 రూపాయలు. మన ఇంట్లో ఏసీ ఒక్క రాత్రి వేసుకుంటే ఎంతవుతుందో మీరే లెక్కేసుకోండి.

కానీ నన్ను ఆపేసిన లైన్ అది కాదు. ఇంకో లైన్ ఉంది. లైఫ్ సపోర్ట్ ప్లస్ టాయిలెట్. అంటే పీల్చుకోవడానికి గాలి, తాగడానికి నీళ్లు, బాత్రూమ్. ఒక మనిషికి ఒక రోజుకి 11,250 డాలర్లు. మన డబ్బుల్లో సుమారు 7 లక్షల 80 వేలు. తిండి, మందులు, మిగతా సామాను వేరే. రాకెట్ టికెట్ అయితే పూర్తిగా వేరే. తర్వాత ఈ రేట్లు మార్చారు, కానీ ఫస్ట్ టైమ్ మనిషి ఊపిరికి ఒక రేట్ కార్డ్ కనపడింది అక్కడే.

మన పెద్దవాళ్లు మనిషి రోజుకి 21,600 సార్లు ఊపిరి తీస్తాడని చెప్తారు. నిమిషానికి 15 చొప్పున వేస్తే కరెక్ట్‌గా అంతే వస్తుంది. ఆ 7 లక్షల 80 వేలని 21,600తో భాగిస్తే, ఒక్క ఊపిరికి 36 రూపాయలు. ఆ బిల్లులో బాత్రూమ్ కూడా ఉంది కాబట్టి ఇది పక్కా లెక్క కాదు, ఒక అందాజు. ఆ లెక్కన మీకు 25 ఏళ్లుంటే ఇప్పటికి సుమారు 700 కోట్ల రూపాయల సర్వీస్ వాడేశారు. మీ పేరు మీద ఒక్క బిల్లు కూడా రాలేదు.

సో, ఈరోజు టాపిక్ ఇదే. అంత డబ్బు దేనికవుతుంది? లోపల ఏం జరుగుతుంది? అదే పని కింద ఎవరు చేస్తున్నారు?

స్టేషన్‌లో గాలి ఎలా తయారవుతుంది

స్పేస్ స్టేషన్ మన తల మీద సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో, గంటకి 28 వేల కిలోమీటర్ల స్పీడ్‌తో తిరుగుతుంది. 2000 నవంబర్ 2 నుంచి అందులో ఒక్క రోజు కూడా మనిషి లేకుండా లేడు. మనవాళ్లకీ దానితో లింక్ ఉంది. రాజాచారి తెలుసు కదా, వాళ్ల నాన్నగారు హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లారు. ఆయన 2021 నవంబర్ నుంచి 2022 మే దాకా 177 రోజులు అక్కడే ఉన్నారు. 2025లో శుభాంశు శుక్లా వెళ్లి 18 రోజులు ఉండి వచ్చారు.

ఒక మనిషికి రోజుకి సుమారు 840 గ్రాముల ఆక్సిజన్ కావాలి. దాదాపు 600 లీటర్లు. ఏడుగురు ఉంటే రోజుకి ఆరు కిలోలు. అంత ఆక్సిజన్‌ని ప్రతిసారీ సిలిండర్లలో పైకి పంపలేం. అందుకని అక్కడ నీళ్లలో కరెంట్ పాస్ చేసి, నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడగొడతారు. టెన్త్ క్లాస్‌లో చదివిన ఎలక్ట్రాలిసిస్ అన్నమాట.

మరి ఆ నీళ్లు ఎక్కడివి? ఇక్కడ కొంచెం గట్టిగా ఊపిరి పీల్చుకోండి. వాళ్ల చెమట, వాళ్లు వదిలిన ఊపిరిలో ఉండే తేమ, వాళ్ల మూత్రం. అన్నీ పట్టుకుని, ఆవిరి చేసి, ఫిల్టర్ చేసి మళ్లీ తాగే నీళ్లు చేస్తారు. 2023లో నాసా చెప్పింది ఏంటంటే, ఇప్పుడు 98 శాతం నీటిని తిరిగి రాబడుతున్నారు. నిన్నటి కాఫీయే రేపటి కాఫీ అని అక్కడివాళ్లు జోక్ వేసుకుంటారు.

ఇంకో సమస్య ఉంది. మూసేసిన గదిలో మనిషి ఆక్సిజన్ అయిపోయి చనిపోతాడని మనం అనుకుంటాం. నిజానికి దానికంటే ముందే మనం వదిలిన కార్బన్ డయాక్సైడ్ మనల్ని దెబ్బతీస్తుంది. రోజుకి ఒక మనిషి దాదాపు ఒక కిలో వదులుతాడు. దాన్ని గాలిలోంచి తీసేయడానికి జియోలైట్ అనే పదార్థం వాడతారు. చిన్న చిన్న గుళికల్లా ఉంటుంది, లోపలంతా కంటికి కనపడని రంధ్రాలు. కార్బన్ డయాక్సైడ్ ఆ రంధ్రాల్లో ఇరుక్కుంటుంది, మిగతా గాలి ముందుకు వెళ్లిపోతుంది. ఇంత చేసినా స్టేషన్ గాలిలో కార్బన్ డయాక్సైడ్ మన ఆరుబయట గాలిలో కంటే చాలా రెట్లు ఎక్కువే ఉంటుంది.

ఇంకా ఒక చిన్న విషయం. అక్కడ బరువు తెలియదు కాబట్టి వేడి గాలి పైకి లేవదు. మీరు నిద్రపోతుంటే, మీరు వదిలిన ఊపిరి మీ ముఖం చుట్టూనే ఒక బుడగలా నిలబడిపోతుంది. అందుకే పడుకునే చోట ఫ్యాన్ తిరుగుతూనే ఉండాలి. అక్కడ ఫ్యాన్ చల్లదనం కోసం కాదు, ప్రాణం కోసం.

మన గగన్‌యాన్ కోసం కూడా ఇస్రో ఒక లైఫ్ సపోర్ట్ సిస్టమ్‌ని సొంతంగా తయారు చేసుకుంటోంది. శ్రీహరికోట నుంచి రాకెట్ లేవడం మనం చాలాసార్లు చూశాం. దాని మీద మనిషిని కూర్చోబెట్టాలంటే మాత్రం, ఆ చిన్న డబ్బాలో ఒక చిన్న భూమిని పెట్టాలి. అసలు కష్టం అక్కడే.

జియోలైట్ మన ఇళ్లకీ వచ్చింది

జియోలైట్ పేరు వినగానే ఇదేదో రాకెట్ సైన్స్ అనిపించింది కదా? 2021 మేలో అది మన వీధుల్లోకే వచ్చింది. ఆక్సిజన్ కాన్సంట్రేటర్లు గుర్తున్నాయా? వాటి లోపల ఉండేది జియోలైటే. స్టేషన్‌లో అది కార్బన్ డయాక్సైడ్‌ని పట్టుకుంటే, కాన్సంట్రేటర్‌లో నైట్రోజన్‌ని పట్టుకుని ఆక్సిజన్‌ని బయటికి వదులుతుంది.

సెకండ్ వేవ్‌లో మా పెదనాన్నని పన్నెండు రోజులు ఇంట్లోనే కాన్సంట్రేటర్ మీద పెట్టాం. బెడ్ దొరకలేదు. నిమిషానికి ఐదు లీటర్లు. రాత్రంతా ఆ మెషీన్ గుర్రుమని శబ్దం చేస్తూ ఉండేది, ఆ శబ్దం ఉంటేనే మాకు నిద్ర పట్టేది. కరెంట్ పోతే శబ్దం ఆగిపోయేది, ఇల్లంతా లేచేది. అన్నయ్య సిలిండర్ వైపు, నేను ఇన్వర్టర్ వైపు, పెద్దమ్మ పెదనాన్న వేలికున్న ఆక్సీమీటర్ వైపు. పెద్ద సిలిండర్‌లో సుమారు 7,000 లీటర్లు ఉంటుంది. నిమిషానికి ఐదు చొప్పున 23 గంటలు. ఆ లెక్క నేను ఎక్సెల్ షీట్‌లో వేసుకుని ఫోన్‌లో పెట్టుకున్నా. ఒక మనిషి ఊపిరికి కౌంట్‌డౌన్ పెట్టుకోవడం అంటే ఏంటో అప్పుడు తెలిసింది.

పెదనాన్న కోలుకున్నారు. మెషీన్ తీసేసిన మొదటి రోజు వరండాలో కుర్చీ వేయించుకుని కూర్చుని, "ఒరేయ్, ఇది ఊరికే వస్తోందిరా" అన్నారు. గాలి గురించి. మేమందరం నవ్వాం. నవ్వాం గానీ, అంతకంటే కరెక్ట్‌గా ఈ టాపిక్‌ని ఎవరూ చెప్పలేరు. మీలో చాలామంది ఇళ్లలో ఆ కుర్చీ ఖాళీగా ఉండిపోయిందని నాకు తెలుసు. అందుకే ఊపిరి విలువ అనేది నాకు పుస్తకంలో మాట కాదు.

బొటనవేలి వెనక దాక్కున్న భూమి

ఇప్పుడు కొంచెం వెనక్కి, 1968కి వెళ్దాం. డిసెంబర్‌లో అపోలో 8. చంద్రుడి దాకా వెళ్లిన మొదటి మనుషులు ముగ్గురు: ఫ్రాంక్ బోర్మన్, జిమ్ లోవెల్, బిల్ ఆండర్స్. వాళ్ల పని చంద్రుడి ఫొటోలు తీయడం, తర్వాత వెళ్లేవాళ్లు ఎక్కడ దిగాలో చూసి పెట్టడం. డిసెంబర్ 24న చంద్రుడి చుట్టూ తిరుగుతుంటే, ఆ బూడిదరంగు నేల అంచు మీంచి నీలం రంగులో భూమి పైకొచ్చింది. ప్లాన్‌లో లేని ఫొటో అది. ఆండర్స్ తీశారు. ఎర్త్‌రైజ్ అని గూగుల్ చేయండి, మీరు చూసే ఉంటారు. చంద్రుణ్ణి చూడ్డానికి అంతదూరం వెళ్తే, భూమిని కనుక్కున్నాం అన్న అర్థం వచ్చేలా ఆండర్స్ తర్వాత చాలాసార్లు చెప్పారు.

అదే ట్రిప్‌లో లోవెల్ ఇంకో పని చేశారు. కిటికీ దగ్గర బొటనవేలు పైకెత్తి చూస్తే, భూమి మొత్తం ఆ వేలి వెనక దాక్కుంది. ఆయన ఇల్లు, పిల్లలు, అప్పటిదాకా ఆయన విన్న ప్రతి మనిషీ, అన్నీ ఒక వేలి వెనక.

చాలామంది వీడియోలు ఇక్కడితో ఆపేస్తారు. చూశారా మనం ఎంత చిన్నవాళ్లమో అని. నాకు మాత్రం లోవెల్ కథలో రెండో భాగం ముఖ్యం. ఎందుకంటే పదహారు నెలల తర్వాత అదే మనిషి అపోలో 13 కమాండర్‌గా మళ్లీ వెళ్లారు. ఆయనతో జాక్ స్వైగర్ట్, ఫ్రెడ్ హేస్. 1970 ఏప్రిల్ 13న, భూమికి 3 లక్షల కిలోమీటర్లు దాటాక, ఆక్సిజన్ ట్యాంక్ పేలింది. కిటికీలోంచి చూస్తే వాళ్ల ఆక్సిజన్ స్పేస్‌లోకి పోతూ కనపడుతోంది.

ముగ్గురూ చంద్రుడి మీద దిగడానికి తెచ్చుకున్న చిన్న ల్యాండర్‌లోకి మారారు. అది ఇద్దరికి, రెండు రోజులకి చేసింది. ఇప్పుడు ముగ్గురికి, నాలుగు రోజులు సరిపోవాలి. ఆక్సిజన్ సరిపోతుంది. కానీ ఇందాక చెప్పుకున్న సమస్యే, కార్బన్ డయాక్సైడ్ పెరిగిపోతోంది. దాన్ని పీల్చే డబ్బాలు మెయిన్ షిప్‌లో ఇంకా ఉన్నాయి, కానీ అవి చదరంగా ఉంటాయి. ల్యాండర్‌లో పట్టేవి గుండ్రటివి. హ్యూస్టన్‌లో ఇంజనీర్లు, షిప్‌లో ఏమేం సామాన్లు ఉన్నాయో అవే టేబుల్ మీద పెట్టుకుని ఒక సొల్యూషన్ కనుక్కున్నారు. ప్లాస్టిక్ కవర్, స్పేస్ సూట్ గొట్టం, అట్టముక్క, టేప్. స్టెప్ బై స్టెప్ రేడియోలో చదివి వినిపించారు. పైనవాళ్లు అలాగే కట్టారు. రీడింగ్ కిందకి వచ్చింది. ఏప్రిల్ 17న ముగ్గురూ ప్రాణాలతో సముద్రంలో దిగారు.

ఇప్పుడు రెండూ కలిపి చూడండి. మొదటిసారి లోవెల్‌కి భూమి అందంగా కనపడింది. రెండోసారి భూమి ఏం పని చేస్తుందో తెలిసింది. ఆ అట్టముక్క, టేప్ చేసిన పనిని ఇక్కడ అడవులు, సముద్రాలు, నేల రోజూ చేస్తున్నాయి. మనం దాన్ని సీనరీ అంటున్నాం.

ఇంకో భూమి కట్టి చూశారు

సరే, టెక్నాలజీ పెరిగింది కదా, ఇంకో భూమి కట్టేయొచ్చు కదా అనొచ్చు. ట్రై చేశారు కూడా.

అమెరికాలో ఆరిజోనా ఎడారిలో మూడెకరాల్లో ఒక గాజు భవనం ఉంది, పేరు బయోస్ఫియర్ 2. ఎందుకు 2 అంటే, 1 మన భూమి. లోపల వాన అడవి, చిన్న సముద్రం, మడ అడవి, ఎడారి, పొలం అన్నీ పెట్టారు. 1991 సెప్టెంబర్ 26న ఎనిమిది మందిని లోపల పెట్టి, రెండేళ్లకి తలుపులు మూసేశారు.

16 నెలలు తిరిగేసరికి లోపల ఆక్సిజన్ 20.9 శాతం నుంచి 14 శాతం చిల్లరకి పడిపోయింది. అంటే 4,000 మీటర్ల కొండ మీద బతుకుతున్నట్టు. మెట్లు ఎక్కితే ఆయాసం. 1993 జనవరిలో బయటి నుంచి ఆక్సిజన్ పంప్ చేయాల్సి వచ్చింది.

ఎక్కడికి పోయింది ఆక్సిజన్? పంట బాగా రావాలని మంచి ఎరువు మట్టి వేశారు. ఆ మట్టిలో సూక్ష్మజీవులు ఆక్సిజన్ వాడుకుని కార్బన్ డయాక్సైడ్ వదిలాయి. మొక్కలు దాన్ని తీసుకుని ఆక్సిజన్ తిరిగి ఇవ్వాలి. కానీ భవనం కాంక్రీట్ గోడలు ఆ కార్బన్ డయాక్సైడ్‌ని మధ్యలోనే మింగేశాయి. ఎవరూ ఊహించని బగ్. పూలకి పరాగం మోసే పురుగులు చాలావరకు చచ్చిపోయాయి, చీమలు, బొద్దింకలు మాత్రం హ్యాపీగా పెరిగాయి. ఆ ఎనిమిది మంది రెండేళ్లూ పూర్తి చేశారు, అది గొప్పే. కానీ మూడెకరాల్లో ఎనిమిది మందికి గాలి బ్యాలెన్స్ చేయడం ఎంత కష్టమో ప్రపంచానికి తెలిసింది.

మరి మార్స్? అక్కడ గాలి ఒత్తిడి మన దగ్గరున్న దానిలో ఒక శాతం కూడా లేదు, ఉన్న గాలిలో 95 శాతం కార్బన్ డయాక్సైడ్. పర్సివరెన్స్ రోవర్‌తో పాటు మాక్సీ అనే చిన్న మెషీన్ పంపారు, ఆ గాలి నుంచి ఆక్సిజన్ తీయడానికి. 2021 నుంచి 2023 దాకా 16 సార్లు నడిపితే మొత్తం 122 గ్రాములు వచ్చింది. ఇంకో గ్రహం మీద మనిషి ఆక్సిజన్ తయారు చేయడం అదే మొదటిసారి, చిన్న విషయం కాదు. కానీ ఆ 122 గ్రాములు ఒక మనిషికి మూడున్నర గంటలు వస్తాయి. ఒక లాంగ్ తెలుగు సినిమా చూసేంత సేపు.

విజయవాడ నుంచి గుంటూరు అంత గాలి

నేను బీటెక్ తర్వాత కొన్నేళ్లు ప్రొడక్షన్ సపోర్ట్‌లో చేశా. నైట్ షిఫ్ట్‌లు, అలర్ట్‌లు, డ్యాష్‌బోర్డ్‌లు. ఆ ఫీల్డ్‌లో ఒక సంగతి ఉంటుంది. సర్వర్ పడిపోతే అందరూ ఫోన్ చేస్తారు. ఏమీ పడకుండా ఏడాదంతా నడిస్తే, అసలు అక్కడ ఒక టీమ్ ఉందని కూడా ఎవరికీ గుర్తుండదు. భూమి పరిస్థితి అదే. సుమారు 240 కోట్ల ఏళ్ల క్రితం, సముద్రాల్లో ఉండే సయనోబ్యాక్టీరియా అనే సూక్ష్మజీవుల వల్ల గాలిలో ఆక్సిజన్ చేరడం మొదలైంది. ఇప్పటికీ భూమ్మీద తయారయ్యే ఆక్సిజన్‌లో దాదాపు సగం సముద్రాల్లోని కంటికి కనపడని జీవులదే. మనం వాటికి ఎప్పుడూ థ్యాంక్స్ చెప్పలేదు, ఎందుకంటే ఎప్పుడూ సర్వీస్ ఆగలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు కదా, అలాగన్నమాట.

పైగా ఈ గాలి ఎంత మందం ఉంటుందో తెలుసా? ఉన్న మొత్తం గాలిలో 99 శాతం, నేల నుంచి సుమారు 30 కిలోమీటర్ల లోపే ఉంది. విజయవాడ నుంచి గుంటూరు వెళ్లేంత దూరం కూడా లేదు. అదే రోడ్డు నిలువుగా ఉంటే, బస్సులో గంటలోపు గాలి దాటేస్తాం. ఆస్ట్రోనాట్లు పైనుంచి చూసి చెప్పేది కూడా ఇదే, భూమి అంచు చుట్టూ సన్నటి నీలం గీత.

కృతజ్ఞత అంటే మెయింటెనెన్స్

ఇంతవరకు విని, సరే అన్నా, భూమికి థ్యాంక్స్, నెక్స్ట్ వీడియో అనుకోవచ్చు. కానీ నా దృష్టిలో కృతజ్ఞత అనేది ఫీలింగ్‌తో ఆగితే సరిపోదు. సర్వీస్ వాడుకుంటున్నప్పుడు దాని మెయింటెనెన్స్‌లో ఒక చెయ్యి వేయాలి. మనుషులు ఆ పని ఒకసారి చేశారు, అది చెప్పి ముగిస్తాను.

పైన ఓజోన్ పొర ఉంది, సూర్యుడి నుంచి వచ్చే అల్ట్రావయొలెట్ కిరణాలను ఆపేది. ఆ ఓజోన్ మొత్తాన్ని కిందకి తెచ్చి నేల మీద పరిస్తే మూడు మిల్లీమీటర్లు ఉంటుంది. నాలుగు ఏటీఎం కార్డులు ఒకదాని మీద ఒకటి పెట్టినంత. 1974లో మారియో మొలీనా, షేర్‌వుడ్ రోలాండ్ అనే ఇద్దరు సైంటిస్టులు, ఫ్రిజ్‌లలో, స్ప్రేలలో వాడే సీఎఫ్‌సీ గ్యాస్ ఆ పొరని తినేస్తుందని లెక్కగట్టారు. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ దారుణంగా తగ్గిపోయిందని బ్రిటిష్ టీమ్ బయటపెట్టింది. నింబస్ 7 శాటిలైట్ డేటాతో వేసిన మ్యాప్‌లో అది ప్రపంచం మొత్తానికి కనపడింది. స్పేస్ నుంచి చూడకపోతే ఆ గాయం సైజు మనకి తెలిసేది కాదు.

1987 సెప్టెంబర్ 16న మాంట్రియల్‌లో దేశాలు ఒప్పందం మీద సంతకం పెట్టాయి. ఇండియా 1992లో చేరింది. తర్వాత ప్రపంచంలో ప్రతి దేశమూ చేరింది. కంపెనీలు గ్యాస్ మార్చాయి. మీ ఇంట్లో ఫ్రిజ్ ఈమధ్య కొన్నదైతే, వెనక స్టిక్కర్ మీద ఆర్ 600 ఏ అని ఉందేమో చూడండి. అది ఓజోన్‌ని ముట్టుకోని గ్యాస్. అంటే మీ వంటింట్లోనే ఆ ఒప్పందం ఉంది. ఇలాగే కొనసాగితే అంటార్కిటికా మీద ఓజోన్ 2066 నాటికల్లా 1980లో ఉన్న స్థాయికి వస్తుందని ఐక్యరాజ్యసమితి అంచనా. అప్పటికి మనలో చాలామంది తాతలు, అమ్మమ్మలు అయ్యుంటారు.

కాబట్టి నేను మిమ్మల్ని పెద్ద పెద్ద ప్రమాణాలు చేయమనను. పాత ఏసీ, ఫ్రిజ్ అమ్మేటప్పుడు గ్యాస్ గాల్లోకి వదిలేసేవాడికి కాకుండా, పద్ధతిగా తీసేవాడికి ఇవ్వండి. మీ వీధిలో చెత్త తగలబెడుతుంటే వద్దని ఒక మాట అనండి. మీ ఊరి చెరువు పూడుస్తుంటే కనీసం ఎందుకని అడగండి. ఆ చెరువు, ఆ గాలి మన లైఫ్ సపోర్ట్‌లో పార్ట్స్. స్టేషన్‌లో ఎవరైనా ఫిల్టర్ మీద చెత్త వేస్తే మిగతా వాళ్లు ఊరుకుంటారా?

ఇక ఈ వారం ఒక పని పెట్టుకోండి. నాసా వాళ్ల స్పాట్ ది స్టేషన్ యాప్ ఫ్రీగా ఉంటుంది. మీ ఊరు సెలెక్ట్ చేస్తే స్టేషన్ ఏ రోజు, ఎన్ని గంటలకి, ఏ దిక్కున కనపడుతుందో చెప్తుంది. సూర్యాస్తమయం తర్వాత గానీ, తెల్లవారుజామున గానీ డాబా ఎక్కండి. మెరిసి ఆరకుండా, విమానంలా లైట్లు లేకుండా, స్థిరంగా కదిలే ఒక పెద్ద చుక్క కనపడుతుంది. నాలుగైదు నిమిషాలు ఉంటుంది. బైనాక్యులర్స్ అక్కర్లేదు. ఇంట్లో పెద్దవాళ్లని కూడా పిలవండి, వాళ్లకి చూపించండి.

అది అలా వెళ్తుంటే గుర్తుచేసుకోండి, అందులో కొంతమంది నిన్నటి చెమట నీళ్లే ఇవాళ తాగుతూ, ముఖం దగ్గర ఫ్యాన్ పెట్టుకుని నిద్రపోతున్నారు. మీరు డాబా మీద, ఏ మెషీనూ లేకుండా, నిమిషానికి 15 ఊపిర్లు తీస్తున్నారు. ఆ ఐదు నిమిషాలకి 75. అందులో ఒక్కటైనా తెలిసి పీల్చండి.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.